నాడి పెరగని ఉత్తరాలు

స్వర్ణలత రాసింది ఒకటి, హైదరాబాదులో వాళ్లు చదివింది మరొకటి. ఈ సంగతి ఆవిడకు తెలిసేసరికి నలుగురు మనుషులు చచ్చిపోయారు.

కాకినాడలో ఒక కిడ్నీ ఆసుపత్రిలో ఆవిడ నీటి విభాగం ఇంజనీరు. డయాలసిస్ యంత్రాల్లోకి వెళ్లే నీళ్లు మనం తాగే నీళ్లకన్నా ఎన్నో రెట్లు శుభ్రంగా ఉండాలి. కుళాయి నీళ్లలో కలిపే క్లోరిన్ తాగేవాళ్లకు మంచిదే. కానీ రోగి రక్తాన్ని ఒరుసుకుంటూ పోయే నీళ్లలో అది కాస్త మిగిలినా ఎర్రకణాలు పగిలిపోతాయి. దాన్ని పట్టి ఆపడానికి బొగ్గు నింపిన పెద్ద ట్యాంకులుంటాయి. ఆ ఏడాది ఎండాకాలం వచ్చేసరికి వాటిలో బొగ్గు పని అయిపోవచ్చింది. ఏ రోజుకారోజు స్వర్ణలత పరీక్షల్లో క్లోరిన్ పైకి పాకుతోంది.

ఆవిడ హైదరాబాదులోని హెడ్డాఫీసుకు మెయిల్ రాసింది: "బొగ్గు పనికిరాకుండా పోతోంది. ఈ వారం దాటితే ఈ నీళ్లు రక్తాన్ని విరగ్గొడతాయి. మనుషులు చచ్చిపోతారు. కొత్త బొగ్గు వెంటనే పంపండి. పంపలేకపోతే యంత్రాలు ఆపడానికి అనుమతి ఇవ్వండి, రోగులను వేరే ఆసుపత్రులకు పంపుకుంటాం."

జవాబు ఆ పూటే వచ్చింది. "మీ సూచన మాకెంతో విలువైనది. ఏర్పాట్లు జరుగుతున్నాయి. నిశ్చింతగా ఉండండి."

ఆవిడ నిశ్చింతగా ఏమీ లేదు. కానీ లారీ బయల్దేరిందనుకుంది. శనివారం సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి వెళ్లింది. సోమవారం పొద్దున్నే వచ్చి పరీక్ష సీసాలో మందు చుక్కలు వేస్తే నీళ్లు చిక్కటి గులాబీ రంగుకు తిరిగాయి, క్లోరిన్ నిండా ఉందన్నమాట. ఎవరి అనుమతీ అడగకుండా పరుగున వెళ్లి మెయిన్ స్విచ్ దించేసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆదివారం డయాలసిస్ చేయించుకున్నవాళ్లలో ముగ్గురు, శనివారం సాయంత్రం చేయించుకున్న మేస్త్రీ వీర్రాజు, ఒకరి తర్వాత ఒకరు పోయారు.

విచారణ అని ఆవిడను హైదరాబాదు పిలిపించారు. పైఅధికారి ప్రసాదవర్మ చల్లటి గదిలో కూర్చుని తన ట్యాబును ఆవిడ వైపు జరిపాడు.

"ఇది మీరు పంపిన మెయిలే కదమ్మా? చదవండి."

స్వర్ణలత చదివింది. "నీటి వ్యవస్థను మెరుగుపరిచేందుకు మంచి అవకాశం కనిపిస్తోంది. వీలు చూసుకుని కొత్త బొగ్గు విషయం ఆలోచించగలరు. రోగులు పూర్తి విశ్రాంతి పొందగలరు."

కింద ఆవిడ పేరే ఉంది. పైన ఆవిడ చిరునామానే ఉంది.

"ఇది నేను రాయలేదు సార్. మనుషులు చచ్చిపోతారని రాశాను. చూడండి, నా ఫోన్లో అలాగే ఉంది."

"మీ ఫోన్లో మీరు తర్వాత ఏమైనా మార్చుకుని ఉండొచ్చు. మాకు అందిందే మాకు సాక్ష్యం. ఇందులో ప్రమాదం అన్న మాట ఎక్కడుందో మీరే చూపించండి."

"పూర్తి విశ్రాంతి అని ఉంది కదా సార్! ఎవరైనా నీళ్ల ట్యాంకు గురించి రాస్తూ రోగులకు విశ్రాంతి అని రాస్తారా? మీకు అనుమానం రాలేదా?"

"నాకు రోజుకు కొన్ని వందల మెయిళ్లు వస్తాయి. అన్నీ ఇలాగే ఉంటాయి" అన్నాడు ప్రసాదవర్మ. అతని గొంతులో కోపం లేదు. బాధా లేదు. "నేనూ మీకు జవాబు రాశాను కదా. ఇప్పుడు బడ్జెట్ లేదు, వచ్చే ఏడు చూద్దాం, ఈ విషయం మళ్లీ ఎత్తొద్దు అని."

స్వర్ణలతకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. ఆవిడ తన ఫోను తిప్పి అతని ముందు పెట్టింది. ఏర్పాట్లు జరుగుతున్నాయి, నిశ్చింతగా ఉండండి అన్న జవాబు అతనూ చదివాడు. అతని మొహంలో ఏదో కదిలింది గానీ, వెంటనే సర్దుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆవిడను సస్పెండ్ చేశారు.

* * *

"మృదుల" అనే మెయిల్ సాఫ్ట్‌వేరు గురించి తెలియనివాళ్లు అప్పటికి దేశంలో లేరు. ఎవరు ఏ కంపెనీ మెయిల్ వాడినా, బయటకు వెళ్లే ప్రతి ఉత్తరం మృదుల గేటు దాటే వెళ్లాలి. మనుషుల చేతులకు ఇన్సూరెన్సు కంపెనీలు తొడిగిన పట్టీలు నాడి కొలుస్తాయి. ఏ మాట చదివినప్పుడు ఎవరి గుండె ఎంత వేగంగా కొట్టుకుందో మృదులకు తెలుసు. ఆ తెలివితోనే ఉత్తరాల్లోని కరుకు మాటలను మెత్తబరుస్తుంది. "భావం మీది, మర్యాద మాది" అని దాని ప్రకటన. ఆఫీసుల్లో బీపీలు తగ్గాయి, ప్రీమియంలు తగ్గాయి. తిట్లను కాస్త సర్దుతుందనే అందరూ అనుకున్నారు. అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు.

స్వర్ణలత భర్త రాజబాబు ఒకప్పుడు వాళ్ల పేటలో కేబుల్, ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చేవాడు. పెద్ద కంపెనీ వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాక చిన్న రిపేరు షాపు పెట్టుకున్నాడు. భార్య చెప్పిందంతా విని, రెండు ఫోన్లు బల్ల మీద పెట్టాడు.

"నీ ఫోన్లోంచి నన్ను తిడుతూ ఒక మెయిల్ పెట్టు స్వర్ణా."

"ఏవని?"

"ఎప్పుడూ తిట్టేదే."

ఆవిడ "మీ మొహం మండ" అని టైపు చేసి పంపింది. అతని ఫోన్లో "మీ ముఖం వెలుగుతోంది" అని వచ్చింది. రాజబాబుకు నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు. ఈసారి "ఇల్లు అంటుకుంది, పరుగెత్తుకు రండి" అని రాసింది.

"ఇంట్లో వెచ్చగా ఉంది. తీరిక చూసుకుని రండి."

రాజబాబు నవ్వు ఆగిపోయింది.

"మీ అమ్మగారు పోయారు" అని రాసింది స్వర్ణలత. అత్తగారు వంటింట్లో చిక్కుళ్లు తుంచుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఫోను టింగుమంది. "మీ అమ్మగారు ప్రయాణంలో ఉన్నారు."

స్వర్ణలత రెండు ఫోన్లూ బోర్లా పెట్టేసింది.

"ఇది పాడైపోయిందంటారా?" అని అడిగింది.

"పాడవడం కాదు. చెప్పిన పని చక్కగా చేస్తోంది. చదివేవాడి నాడి పెరక్కూడదన్నారు దానితో. చావుకబురు ఎంత మర్యాదగా చెప్పినా నాడి పెరుగుద్ది కదా. అందుకని మర్యాదతో సరిపెట్టకుండా కబురునే తీసెయ్యడం నేర్చుకుంది."

స్వర్ణలత లేచి నిలబడింది. "నా పేరు పెట్టి, నా సంతకం పెట్టి, నేను అనని మాట అంటుందా? నేను నలుగురి ప్రాణం కోసం అరిస్తే, దాన్ని జోలపాట చేసి వాళ్లకు వినిపిస్తుందా? దానికెవరిచ్చారండీ ఆ హక్కు?"

"మనమే ఇచ్చాం. నిబంధనల కింద అందరం ఒప్పుకున్నాం అని నొక్కాం."

"అయితే ఇప్పుడు ఒప్పుకోను. నా మాట నా మాటగానే వెళ్లే దారి చెప్పండి."

రాజబాబు షాపు తాళాలు అందుకున్నాడు. "పోస్టాఫీసు మనింట్లోనే పెట్టుకోవాలి" అన్నాడు.

* * *

షాపులో మూలపడిన పాత కంప్యూటరును దుమ్ము దులిపి తెచ్చి, ముందుగదిలో కుట్టుమిషను పక్కన పెట్టాడు. కేబుల్ వ్యాపారం నాటి స్థిరమైన ఇంటర్నెట్ నంబరు ఒకటి ఇంకా అతని పేరనే ఉంది. మిగతావాళ్ల నంబర్లు రోజుకొకటి మారతాయి, ఇది మారదు. ఇంటి సర్వరుకు అదే పునాది.

"ఇప్పుడు మన ఉత్తరాన్ని ఏ కంపెనీకీ ఇవ్వం. మనమే నేరుగా అవతలివాళ్ల సర్వరు గుమ్మం దాకా తీసుకెళ్లి ఇస్తాం" అన్నాడు రాజబాబు. "వాళ్లు తలుపు తీస్తారా లేదా అన్నదే చూడాలి."

స్వర్ణలత తన పాత మెయిలునే హెడ్డాఫీసుకు మళ్లీ పంపింది. వాళ్లు మొదట తలుపు తీయలేదు. ఈ నంబరుకు పేరు లేదు అని తిప్పి పంపారు. రాజబాబు ఇంటర్నెట్ కంపెనీ చుట్టూ తిరిగి, నంబరు అడిగితే పేరు, పేరు అడిగితే నంబరు తెలిసేలా రాయించుకొచ్చాడు. మళ్లీ పంపితే ఉత్తరం మీద గుర్తింపు సంతకం లేదన్నారు. ప్రతి మెయిల్ మీదా దొంగిలించడానికి వీల్లేని రహస్య సంతకం పడేలా ఏర్పాటు చేశాడు. ఈసారి అసలైన అడ్డు వచ్చింది. "మృదుల ముద్ర లేని ఉత్తరాలు స్వీకరించబడవు."

"ఇదొక్కటీ నావల్ల కాదు" అన్నాడతను.

తిరిగొచ్చిన ఉత్తరాన్ని స్వర్ణలత కిందిదాకా చదివింది. అడుగున ఆవిడ రాసింది రాసినట్టే ఉంది. మనుషులు చచ్చిపోతారు అన్న మాట ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉంది. తలుపులు మూసేసినా, తన మాట తన దగ్గరికి క్షేమంగా వచ్చిందని ఆవిడకు ఏదో ధైర్యం కలిగింది.

"ప్రభుత్వ ఆఫీసులు, కోర్టులు కూడా తీసుకోవంటారా?"

రాజబాబు తలెత్తి చూశాడు. "పాత చట్టం ప్రకారం తీసుకోవాలి. ఏ ముద్రా అడక్కూడదు. ఎవరూ పంపట్లేదు గాబట్టి ఆ దారి ఉందనే మర్చిపోయారు."

రాష్ట్ర ఆరోగ్యశాఖకు ఆవిడ ఫిర్యాదు ఆ మధ్యాహ్నమే వెళ్లింది. "అందింది" అని ఒక్క మాట జవాబొచ్చింది. ఆ ఒక్క మాటను ఆవిడ పదేపదే చూసుకుంది.

* * *

చనిపోయినవాళ్ల కుటుంబాలను కలవకుండా ఫిర్యాదు పెట్టి కూర్చోవడం ఆవిడకు నచ్చలేదు. వీర్రాజు కూతురు నూకరత్నం తునిలో ఉంటోంది, బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. రైలెక్కి వెళ్లింది. తలుపు తీసిన నూకరత్నం ఆవిణ్ని గుర్తుపట్టి, లోపలికి రమ్మనలేదు.

"ఏటండీ, ఇప్పుడొచ్చారా? మా నాన్న ఉన్నప్పుడు రాలేకపోయారు?"

"నీతో మాట్లాడాలమ్మా."

"రాసినప్పుడు మాట్లాడాల్సింది. ఆసుపత్రి బోర్డు మీద మీ మెయిలే ఉంటే, శనివారం సాయంత్రం వస్తానే మీకు రాశాను కదండీ! మా నాన్న గడగడా వణికిపోతన్నాడు, ఊపిరి అందట్లేదు, మిషను గొట్టంలో రక్తం ద్రాక్షరసంలా పల్చగా కనపడింది, ఏటో తేడా జరిగింది, ఎవరినైనా పంపండీ అని రాశాను. మీరేం జవాబిచ్చారు? సంతోషం అన్నారు! మా నాన్న సచ్చిపోతా ఉంటే సంతోషమా?"

స్వర్ణలత అరుగు మీద కూలబడింది. ఆ శనివారం ఇంట్లో కూర్చుని ఆ మెయిల్ చదవడం ఆవిడకు గుర్తుంది. చదివి, ఈ పిల్లకు ఎంత మంచి మనసో అనుకుంది కూడా. ఫోను తీసి చూపించింది.

"నాన్నగారికి కాస్త చల్లగా హాయిగా ఉంది. యంత్రం చక్కని రంగుల్లో కనిపించింది. మీ సేవలకు కృతజ్ఞతలు."

నూకరత్నం ఫోను అందుకుని చదివింది. తన ఫోను తెచ్చి పక్కన పెట్టుకుని మళ్లీ చదివింది.

"ఇది నేను రాయలేదండి" అంది.

"తెలుసమ్మా. నువ్వు రాసింది రాసినట్టు నాకు అంది ఉంటే, గొట్టంలో రక్తం పల్చబడిందన్న ఒక్క మాట చాలు, అదేంటో నాకు తెలుస్తుంది. ఆ సాయంత్రమే యంత్రాలు ఆపేసేదాన్ని. మీ నాన్నను ఆ పూటే కాకినాడ పెద్దాసుపత్రిలో పెట్టి రక్తం ఎక్కించేవాళ్లం. ఆదివారం ముగ్గురికీ అసలు ఏమీ అయ్యేదే కాదు."

నూకరత్నం ఏడవలేదు. చీరకొంగు నడుముకు దోపుకుంది. "లోపలికి రండి. నేను కూడా ఫిర్యాదు పెడతాను. ఎలా పంపాలో సెప్పండి."

* * *

ఆ తర్వాత రాజబాబు ఇంటికి జనం రావడం మొదలైంది. పోయిన మిగతా ముగ్గురి తాలూకు మనుషులు ముందు వచ్చారు. వాళ్లను చూసి ఇంకొందరు. ఇంటిగోడ బీటలిచ్చిందని మునిసిపాలిటీకి రాసి రాసి అలిసిపోయిన పంతులుగారు వచ్చారు. హాస్టలు అన్నంలో పురుగులున్నాయని కలెక్టరుకు రాసిన కాలేజీ పిల్లలు వచ్చారు. అందరి ఫిర్యాదులూ అవతల పొగడ్తలై చేరాయి. స్వర్ణలత అందరినీ కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టి, ఎవరి మాట వాళ్లచేత రాయించి పంపేది. ఒకరిద్దరు కోర్టులో ఉన్న కుటుంబ తగాదాల్లో కసి తీరా బూతులు రాసి పంపితే, అవతలి పక్షంవాళ్లు ఇంటిమీదికొచ్చి రాజబాబును కాలరు పట్టుకున్నారు. "మీ ఇంట్లో పెట్టెవల్ల మా పెళ్లి సంబంధం చెడిపోయింది" అని ఒకావిడ వీధిలో నిలబడి శాపనార్థాలు పెట్టింది.

"మానేద్దామా?" అన్నాడు రాజబాబు చొక్కా గుండీ కుట్టించుకుంటూ.

"మాట గుచ్చుకుంటుంది, నిజమే. గుచ్చుకున్నాక దాన్ని తీసేసుకునే అవకాశం మనిషికుంటుంది. అసలు అందకపోతే ఏం చేస్తాడండీ?" అంది ఆవిడ.

స్వర్ణలత ఫిర్యాదు మీద ఆరోగ్యశాఖ విచారణ వేసింది. దానికి కొన్ని రోజుల ముందు మృదులను తయారుచేసిన డాక్టర్ ఇందుమతి స్వయంగా వచ్చింది. నలభై దాటిన మనిషి, వెంట ఎవరూ లేరు. కాఫీ తీసుకుంది గానీ తాగలేదు.

"మా తమ్ముడు ఆఫీసు మెయిల్ చదివి ఉరేసుకున్నాడు స్వర్ణలతగారూ. పనికిమాలినవాడివి, చస్తే పీడా పోతుంది అని వాడి మేనేజరు రాశాడు. ఆ ఒక్క మాట వాడిదాకా రాకుండా ఉంటే చాలనుకున్నాను. అందుకే ఇది కట్టాను. మీ ఆసుపత్రిలో జరిగింది విన్నాక నాకు నిద్ర లేదు. ఇకనుంచి ఆసుపత్రి మెయిళ్లను మా గేటు ముట్టుకోదు. ఆ మార్పు చేసేశాం. మీరు ఇది ఇంతటితో ఆపితే, మీ ఉద్యోగం మీకు ఇప్పించే పూచీ నాది."

స్వర్ణలత ఆవిడ మొహంలోకి చూసింది. ఆ దుఃఖం నిజమైనదే. అందుకే స్వర్ణలతకు ఇంకా ఒళ్లు మండింది.

"మీ తమ్ముడి సంగతి వింటుంటే కడుపు తరుక్కుపోతోందండీ. కానీ మీరు ఆ మేనేజరును బోనెక్కించాల్సింది. అది చెయ్యకుండా దేశంలో ఉన్నవాళ్లందరి నోట్లోనూ దూది కుక్కారు. హాస్టల్లో పురుగులన్నం తింటున్న పిల్లలది ఆసుపత్రి కాదు కదా, వాళ్ల మాట ఎవరు మోస్తారు? నా ఉద్యోగం సంగతా మీరు మాట్లాడేది? వీర్రాజు చివరి రోజున కూతురు పెట్టిన కేకను మీరు నాకు కృతజ్ఞతలుగా అమ్మారు!"

"మేం అమ్మలేదు. యంత్రం దానంతట అది..."

"యంత్రం నెత్తిన పెట్టకండి. నాడి పెరక్కపోవడమే మంచి అని నిర్ణయించింది మనిషి. మీరు."

ఇందుమతి లేచి వెళ్లిపోయింది. కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

* * *

కలెక్టరేటు మీటింగు హాల్లో విచారణ జరిగింది. రిటైరైన ఐఏఎస్ అధికారి ఒకాయన అధ్యక్షుడు. ఒకవైపు ప్రసాదవర్మ, మృదుల కంపెనీ లాయర్లు, వాళ్ల వెనక తల దించుకున్న ఇందుమతి. ఇంకోవైపు స్వర్ణలత, నూకరత్నం, పోయిన మిగతా ముగ్గురి భార్యలు, బిడ్డలు.

స్వర్ణలత తను రాసిన ప్రతి వాక్యాన్నీ, అది అవతల చేరిన తీరునూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివింది. "పూర్తి విశ్రాంతి" దగ్గరికి వచ్చేసరికి వెనక కూర్చున్న ఒక విధవరాలు పెద్దపెట్టున ఏడ్చింది. స్వర్ణలత గొంతు పెరిగింది.

"అమ్మా, ఇక్కడ పెద్దవాళ్లున్నారు. కాస్త మెల్లగా మాట్లాడండి" అన్నాడు అధ్యక్షుడు.

ఆవిడ ఆగింది. హాలంతా ఆవిడవైపే చూస్తోంది.

"మెల్లగా వినిపించబట్టే సార్, వాళ్లు చచ్చిపోయారు" అంది. ఆ తర్వాత మిగిలిందంతా అదే గొంతుతో చదివింది. ఎవరూ మళ్లీ అడ్డు చెప్పలేదు. లాయర్లు అడిగినప్పుడు ఇందుమతి లేచి, స్వర్ణలత చెప్పిన ప్రతి మాటా నిజమని ఒప్పుకుంది. ప్రసాదవర్మ పక్కకు తిరిగి కూర్చున్నాడు.

గెలిచామనుకున్నారు అందరూ. నూకరత్నం బయటికొచ్చాక మొదటిసారి స్వర్ణలత భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

నివేదిక మెయిల్లో వచ్చింది. "పరస్పర అవగాహనలో చోటుచేసుకున్న స్వల్ప అంతరం వల్ల కొన్ని దురదృష్టకర పరిణామాలు సంభవించాయి. ఏ ఒక్కరినీ బాధ్యులుగా పేర్కొనలేం. భవిష్యత్తులో మెరుగైన సమన్వయాన్ని ఆశిస్తున్నాం."

చావు అన్న మాట లేదు. చనిపోయినవాళ్ల పేర్లు లేవు.

"ఇది కూడా మృదుల దాటి వచ్చింది" అంది స్వర్ణలత. "వాళ్లు రాసింది ఇది అయ్యుండదు. పద, అసలుది చూద్దాం."

నూకరత్నాన్ని తీసుకుని కలెక్టరేటుకు వెళ్లింది. సంతకం పెట్టిన అసలు కాగితమే కావాలని పట్టుబట్టింది. గుమాస్తా గొణుక్కుంటూ బీరువా తెరిచి ఫైలు తెచ్చిచ్చాడు. అధ్యక్షుడు నీలం సిరాతో చేత్తో రాసిన చిత్తు ప్రతి పైనే ఉంది. ఆవిడ ఫోను పక్కన పెట్టుకుని వేలితో ఒక్కో మాటా పోల్చుకుంటూ వచ్చింది. స్వల్ప అంతరం. దురదృష్టకర పరిణామాలు. మెరుగైన సమన్వయం. అక్షరం తేడా లేదు. మృదులకు అందులో మార్చడానికి ఏమీ దొరకలేదు.

"యంత్రం ముట్టుకోలేదండి" అంది నూకరత్నం నమ్మలేనట్టు. "ఆయనే రాశాడు."

"ఆయనే రాశాడు" అంది స్వర్ణలత. ప్రసాదవర్మ గదిలో కూడా ఆవిడకు ఇంత కోపం రాలేదు. ఇన్నేళ్లుగా ఈ అధికారులంతా ఆ మెత్తటి మాటలే చదివి చదివి, ఆ భాషలోనే ఆలోచించడం నేర్చుకున్నారు. హాల్లో ఆ ఏడుపు చెవులారా విన్న మనిషి, యంత్రం సాయం కూడా అక్కర్లేకుండా, తన చేత్తో దాన్ని తుడిచేశాడు.

"ఇప్పుడేం చేద్దామండి?"

"హైకోర్టుకు వెళ్దాం. ఈ కాగితాన్ని కొట్టెయ్యమందాం."

ఆ సాయంత్రం ముందుగదిలో రాజబాబు సర్వరు వైర్లు సరిచూసి, కుర్చీ జరిపి ఇచ్చాడు. స్వర్ణలత కీబోర్డు ముందు కూర్చుంది. లాయరు పంపిన నమూనా పిటిషన్లో మొదటి వాక్యం "సవినయంగా మనవి చేసుకొనునది" అని ఉంది. నూకరత్నం ఒకసారి చదివి తల అడ్డంగా ఊపింది.

"అది తీసెయ్యండి. నేను సెప్తాను, రాయండి."

స్వర్ణలత దాన్ని చెరిపేసింది. నూకరత్నం ఒక్కో మాటా విడివిడిగా, గట్టిగా, వీధిలోకి వినిపించేలా చెప్పింది.

"మా నాన్న పేరు వీర్రాజు. ఆయన సచ్చిపోతన్నాడని నేను సెప్పాను. దాన్ని మీదాకా రానివ్వలేదు."

స్వర్ణలత నూకరత్నం అన్నది అన్నట్టే, యాసతో సహా టైపు చేసి, హైకోర్టుకు పంపింది.